పేరుతో సహా చెప్పమంది ఫిలోమినా

ఫిలోమినాకి కోపమొస్తే ఇంట్లో ఎవరికీ తెలియదు. గిన్నెలు విసరదు, గొంతు పెంచదు. పెద్ద చర్చి దగ్గరి బేకరీ ఆసామి ఒకసారి నలుగురిలో, "నీ అచ్చప్పం ముక్క వాసనేస్తోందే" అన్నాడు. ఆమె నవ్వి, అమ్మడానికి తెచ్చిన పిండివంట డబ్బా మళ్లీ చంకన పెట్టుకుని ఇంటికొచ్చేసింది. ఆ తర్వాత ఒల్లూరులో ప్రతి కొట్లోనూ ఆమె అచ్చప్పాలు దొరికాయి, అతని కొట్లో తప్ప. క్రిస్మస్‌కి మనిషిని పంపాడు, ఈస్టర్‌కి భార్యని పంపాడు, చివరికి తనే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. కూర్చోబెట్టి కాఫీ ఇచ్చింది. అచ్చప్పం ఇవ్వలేదు.

"ఏం మనిషివే నువ్వు!" అన్నాడు ఆమె భర్త లోనప్పన్. త్రిశూరు నుంచి ఇరింజాలకుడకి ప్రైవేటు బస్సు నడుపుతాడు. దారిపొడుగునా తిట్లు తిని, తిరిగి తిట్టి, సాయంత్రానికి అన్నీ దులుపుకుని ఇంటికొచ్చే రకం. "నాకు ఆటోవాడు అడ్డమొస్తే అక్కడే కడిగేస్తా. అయిపోతుంది. నువ్వేమో కోపాన్ని ఊరగాయ పెడతావు."

"అందుకే పాడవదు," అంది ఫిలోమినా.

అచ్చప్పం అత్తగారి దగ్గర నేర్చుకున్న పని. బియ్యప్పిండి, కొబ్బరిపాలు, గుడ్డు, కాసిని నువ్వులు. పువ్వు ఆకారపు ఇనప అచ్చుని ముందు నూనెలోనే కాగబెట్టాలి. చల్లటి అచ్చు పిండిలో ముంచితే పిండి కరుచుకుని ఊడి రాదు. బాగా కాగాక ముంచి నూనెలో పెడితే పువ్వు తనంతట తనే జారి తేలుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఇక్కడే తొందరపడతారు. ఫిలోమినా ఎప్పుడూ తొందరపడలేదు.

మొదట్లో ఆ ఇంటికి ఇంటర్నెట్ సిసిలీ టీచర్ ఇంటి నుంచి గోడ మీదుగా తీగలో వచ్చేది. టీచర్ కంప్యూటర్‌కి వచ్చిన కనెక్షన్‌ని పంచి, ఒక తీగ పనస కొమ్మ మీంచి ఇటు లాగారు. దానికి బదులుగా వారానికో డబ్బా అచ్చప్పం. సిసిలీ టీచర్ హైస్కూల్లో లెక్కలు చెబుతుంది. భర్త పోయాడు. ఒక్కగానొక్క కొడుకు జిబిన్ కడుపులో ఉండగానే దేవుడికి మొక్కేసింది, పుడితే ఫాదర్‌ని చేస్తానని. ఆ కుర్రాడిప్పుడు ఫాదర్లని తయారుచేసే సెమినరీలో చదువుతున్నాడు. చర్చిలో ముందు బెంచీ దగ్గరికి టీచర్ వస్తుంటే ఆడవాళ్లు జరిగి చోటిస్తారు. కాబోయే ఫాదర్‌గారి తల్లి మరి.

తీగ లాగిన రోజున టీచర్ తన కంప్యూటర్ చూపించింది. "ఇదిగో ఫిలో, ఇక్కడొకటి పెట్టించాను. ఈ తీగ మీద ఎవరేం చూసినా నాకు కనబడుతుంది. పిల్లల కాలం బాగాలేదు కదా."

"మంచి పని చేశారు టీచర్. నాకేం తెలుస్తుంది ఇవన్నీ? మా అమ్మాయి డెల్నాని కూడా మీరే ఓ కంట కనిపెట్టండి," అంది ఫిలోమినా. తన నోటితో తనే అంది.

డెల్నా పదో తరగతిలోకి వచ్చిన ఏడు, బళ్లు తెరిచి వానలు పట్టాక, కుటుంబ యూనిట్ సమావేశం ఫిలోమినా ఇంట్లో పడింది. వీధిలో ఇళ్లన్నీ నెలకో ఇంట్లో కలిసి జపమాల చెప్పుకునే కూటమి అది. యూనిట్‌కి అధ్యక్షురాలు సిసిలీ టీచరే. జపమాల అయ్యాక ఎవరి కోరిక వాళ్లు పైకి చెబుతారు. ఒకరి అన్నకి వీసా రావాలని, ఒకరి మామగారి కాలు నయమవ్వాలని. ఒక్కొక్కటి చెప్పగానే అందరూ కలిసి "ప్రభువా, మా మొర ఆలకించు" అనాలి. ఆ వీధిలో ఏ ఇంటి కబురైనా పేపరువాడి కంటే ముందు ప్రార్థనలో తెలిసిపోతుంది. దేవుడికి చెప్పే మాట కాబట్టి చాడీ అనడానికి లేదు.

టీచర్ కళ్లు మూసుకుని, గొంతు తడి చేసుకుని చెప్పింది. "మన యూనిట్‌లో పదో తరగతి చదువుతున్న ఒక ఆడబిడ్డ కోసం. నెల తప్పితే ఏం చేయాలని కంప్యూటర్‌ని అడుగుతోంది పాపం. ఆ బిడ్డకి దారి చూపమని, ఆ తల్లిదండ్రుల కళ్లు తెరిపించమని వేడుకుందాం."

"ప్రభువా, మా మొర ఆలకించు," అన్నారు అందరూ.

ఫిలోమినా కూడా అంది. చిన్నప్పటి నుంచీ అలవాటైన నోరు. మాట బయటికి వచ్చేశాక గానీ దాని అర్థం బుర్రకెక్కలేదు. యూనిట్‌లో పదో తరగతి చదివే ఆడపిల్ల ఒక్కతే. ఆ పిల్ల టీ గ్లాసుల పళ్లెం పట్టుకుని తలుపు దగ్గర నిలబడి ఉంది. ఆడవాళ్ల చూపులన్నీ ఒక్కసారి పిల్ల మొహం మీదికి, అక్కణ్నుంచి పొట్ట మీదికి దిగాయి. డెల్నా పళ్లెం కింద పెట్టి లోపలికెళ్లిపోయింది.

గేటు దగ్గర ఫిలోమినా టీచర్ని ఆపింది. "మీరు చెప్పింది ఎవరి గురించి టీచర్?"

"నేను పేరు చెప్పానా ఫిలో? లేదే! ప్రార్థనే కదా. ప్రార్థన వల్ల ఎవరికైనా చెడు జరుగుతుందా?"

లోపల డెల్నా మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది. "మూడు నెలల నుంచి రావట్లేదమ్మా. ఎందుకో తెలీక వెతికాను. నీకు చెబుదామనే అనుకున్నా. పెళ్లి ఆర్డరు మీద ఉన్నావు కదా, అయ్యాక చెబుదామని..."

మర్నాడే ఆసుపత్రికి తీసుకెళ్లింది. థైరాయిడ్ అన్నారు. పొద్దున్నే పరగడుపున ఒక చిన్న మాత్ర. అంతే సంగతి. లోనప్పన్ అయితే ఆ రిపోర్టు బస్సు అద్దానికి అంటించుకుని తిరుగుతానన్నాడు. కానీ ఎవరికని చెబుతారు? ఎవరూ అడగలేదు. అడిగితే కదా చెప్పడానికి! చర్చి పాటల బృందంలో పక్కన నిలబడే పిల్ల రెండు వారాలు మానేసింది, తర్వాత ఇంకో పిల్ల వాళ్లమ్మ వచ్చి కూతురికి వేరే వరసలో చోటడిగింది. ఆదివారాలు ఒంటిగొంతుతో కీర్తన ఎత్తుకునేది డెల్నాయే. ఎత్తుకోవడం మానేసింది. తర్వాత వెళ్లడమే మానేసింది. అంట్లు తోముతూ కూనిరాగం తీసే పిల్ల అదీ ఆపేసింది. యూనిట్ సమావేశాలకి తల్లి వెంట వచ్చి కూర్చునేది గానీ, అందరూ "ప్రభువా" అన్నప్పుడు ఆ పెదాలు కదిలేవి కావు.

ఫిలోమినా తీగ పీకేసి, టీవీ కేబులువాడి దగ్గర సొంత కనెక్షన్ పెట్టించుకుంది. టీచర్‌తో ఒక్క మాట తూలలేదు. గోడ మీంచి నవ్వుతూ పలకరించేది. వారం వారం అచ్చప్పం డబ్బా కూడా పంపేది, విరగనివి ఏరి మరీ. అది చూసి లోనప్పన్‌కి భయమేసింది.

"నువ్వేం అనుకుంటున్నావే?"

"ఆవిడ ఎక్కడ అందో అక్కడే, అంతమందిలోనే, పిల్ల పేరు చెప్పి, తప్పయిందనాలి."

"సిసిలీ టీచరా? ఆవిడ దేవుడికి కూడా తప్పయిందని చెప్పదు. ఆయనకే మార్కులు తగ్గించానంటుంది."

"అంటుంది. అనిపిస్తాను," అంది ఫిలోమినా, అచ్చు నూనెలో పెట్టి.

డెల్నా పదో తరగతి పరీక్షలు అయిపోయాక, ఏప్రిల్‌లో ఒక సాయంత్రం ఉరుములు మొదలయ్యాయి. మొదటి ఉరుముకే ఫిలోమినా ఇంట్లో ప్లగ్గులన్నీ పీకేసింది. సిసిలీ టీచర్ ఇంట్లో పీకలేదు. మోడెమ్ నల్లగా మాడిపోయింది. వీధి చివర స్తంభం విరిగి ఫోను లైను కూడా చచ్చింది. ఫోనాఫీసువాళ్లు ఇదిగో వస్తాం, అదిగో వస్తాం అంటున్నారు. సెలవులకి కొడుకు సెమినరీ నుంచి వచ్చి ఉన్నాడు. టీచర్‌కి బడి మార్కులు పంపే పని ఉంది.

"ఫిలో," అంది గోడ మీంచి. "మీకు నెట్ వస్తోందా?"

"వస్తోంది టీచర్."

"మాది కాలిపోయింది. కొన్నాళ్లు..."

వసారాలో గడ్డం గీసుకుంటున్న లోనప్పన్ అద్దంలోకి చూస్తూ అన్నాడు. "పిడుక్కి కూడా ఇల్లు తెలిసిందన్నమాట."

"మీరుండండి," అంది ఫిలోమినా. "దాందేముంది టీచర్, తీసుకోండి. పక్కింటివాళ్లం కామూ?"

తీగ మళ్లీ పనస కొమ్మెక్కింది. ఈసారి ఇటు నుంచి అటు.

"నీకు పిచ్చా అమ్మా?" అంది డెల్నా.

"ఆవిడ తన కంప్యూటర్లో ఏం పెట్టించిందో అది మన దాంట్లో పెట్టు."

"ఎందుకు?"

"పిల్లల మంచికి."

డెల్నా కుర్చీ లాక్కుని, ఆ ఏర్పాటు పెట్టింది. ఆ పిల్లకి మాత్రం మంట ఉండదా?

అప్పట్నుంచి మధ్యాహ్నం మూకుడు దించగానే ఫిలోమినా చేతులు కడుక్కుని కంప్యూటర్ ముందు కూర్చునేది. ఏదో ఒక బురద దొరుకుతుందని ఆశ. టీచర్ చూసేవేమిటయ్యా అంటే, సీరియల్ నటి విడాకులు, బంగారం ధర, జెరూసలేం యాత్రలు, మోకాళ్ల నొప్పికి చిట్కాలు. రోజూ మోకాళ్లే. మోకాళ్లకి అత్తగారి నాటి నూనె ఒకటి ఫిలోమినా అటక మీద ఉంది, బ్రహ్మాండంగా పనిచేస్తుంది. ఇవ్వలేదు. ఒక మనిషి బతుకు ఇంత చప్పగా ఎలా ఉంటుందా అని మాత్రం నిరాశపడింది.

తర్వాత ఒకరోజు అటువైపు రెండో కంప్యూటర్ తెరుచుకుంది. అది జిబిన్‌ది. మంగళూరులో హోటల్ మేనేజ్‌మెంట్ కాలేజీలు. వయసు పరిమితి ఎంత. సెమినరీ వదిలి వచ్చేవాళ్లు అక్కడి పెద్ద రెక్టర్‌కి ఏమని రాయాలి. ఆ కింద, ఆ మర్నాడు, ఆ తర్వాతి రోజూ ఒకటే ప్రశ్న, రకరకాల మాటల్లో: అమ్మకి ఎలా చెప్పాలి.

ఫిలోమినా కుర్చీ ఇంకా దగ్గరికి జరుపుకుంది. ఆ ఊళ్లో సెమినరీ నుంచి తిరిగొచ్చిన కుర్రాణ్ని గోడ దూకినవాడంటారు. ముసలివాడయ్యేదాకా ఆ పేరు పోదు. తల్లిని ఏమంటారో చెప్పనక్కర్లేదు.

మర్నాడు టీచర్ని వంటింట్లోకి పిలిచింది. మూకుట్లో నూనె కాగుతోంది.

"కూర్చోండి టీచర్. మీ జిబిన్ మళ్లీ సెమినరీకి ఎప్పుడు?"

"జూన్‌లో. ఇంకెంత, నాలుగేళ్లు కళ్లు మూసుకుంటే, ఫాదరై వాడు చేసే మొదటి పూజ. ఆ రోజు వీధంతటికీ భోజనాలు. అచ్చప్పం నువ్వే చేయాలి."

"చేస్తాను. మంగళూరు హోటల్ కాలేజీలో కూడా మొదటి పూజ చేస్తారేమిటి?"

టీచర్ అర్థం కానట్టు చూసింది. ఫిలోమినా వంటింటి బల్ల మీద తెచ్చి పెట్టుకున్న కంప్యూటర్ ఇటు తిప్పింది. టీచర్ కళ్లజోడు పెట్టుకుని చదివింది. మళ్లీ మొదటి నుంచి చదివింది.

"నువ్వు... నా ఇంట్లోకి తొంగి చూస్తున్నావా?"

"మీ దగ్గర నేర్చుకున్నదే."

"వాడు ఎవరికోసమో చూసుంటాడు. ఫ్రెండెవడో..."

"అమ్మకి ఎలా చెప్పాలని ఫ్రెండు కోసం అడిగాడా? సరేలెండి. ఈ నెల సమావేశం మీ ఇంట్లోనే కదా. ఫాదర్‌గారు కూడా వస్తారట. నేనో ప్రార్థన చెబుతాను. మన యూనిట్‌లో ఒక దేవుడి పిలుపు ఊగిసలాడుతోంది, ఆ బిడ్డకి దారి చూపమని. పేరు చెప్పను. ప్రార్థన వల్ల ఎవరికైనా చెడు జరుగుతుందా?"

"ఫిలో!" టీచర్ ఆమె చెయ్యి పట్టుకుంది. "ఏం కావాలి నీకు?"

"మా ఇంట్లో అన్న మాట. దాన్ని వెనక్కి తీసుకోండి. డెల్నా పేరు చెప్పి, దానికొచ్చింది థైరాయిడేనని, తప్పు మీదేనని చెప్పి. అందరి ముందు."

"ఫాదర్‌గారి ముందా?"

"ఆయన ముందే బాగుంటుంది."

టీచర్ లేచి వెళ్లిపోయింది. వెనక గదిలోంచి డెల్నా వచ్చి నిలబడింది. అంతా వింది.

"జిబిన్ అన్నయ్య మనకేం చేశాడమ్మా?"

"ఏం చేయలేదు. నువ్వేం చేశావు ఆవిడకి?"

డెల్నా పెరటి గుమ్మంలోకి వెళ్లి, గోడ అవతలికి చూసింది.

ఆ ఆదివారం సిసిలీ టీచర్ ఇంట్లో హాలు నిండిపోయింది. యేసు తిరుహృదయం పటం ముందు ఎర్రబల్బు, అద్దెకి తెచ్చిన ప్లాస్టిక్ కుర్చీలు, ముందు వరసలో ఫాదర్‌గారు. ఆయన పక్కనే జిబిన్, తెల్ల చొక్కాలో, తల వంచుకుని. లోనప్పన్ బస్సుకి సెలవు పెట్టి మరీ వచ్చాడు. జపమాల పూర్తయింది. ఒకావిడ కోడలి కాన్పు గురించి చెప్పింది, ఒకాయన ఇంటి అప్పు గురించి చెప్పాడు. ఫిలోమినా గొంతు సవరించుకుని కుర్చీలో ముందుకి జరిగింది. అది చూసి టీచర్ గబుక్కున లేచింది.

"మన యూనిట్‌లో... ఒకరి మాట వల్ల ఒక బిడ్డ నొచ్చుకుని ఉంటే, అపార్థాలు తొలగిపోవాలని..."

"ప్రభు..." అని కొందరు మొదలెట్టేశారు.

"పేరు, టీచర్," అంది ఫిలోమినా. నెమ్మదిగానే అంది. హాలంతా వినబడింది.

ఫాదర్‌గారు వెనక్కి తిరిగి చూశారు. టీచర్ పటం కేసి చూసింది, కొడుకు కేసి చూసింది.

"డెల్నా," అంది. "ఫిలోమినా కూతురు డెల్నా. పోయినేడాది నేను చెప్పింది ఆ పిల్ల గురించే. ఆ పిల్ల చూసుకున్నది నేను దొంగచాటుగా చదివాను. ఒంట్లో బాగాలేక అడిగింది. థైరాయిడ్. నేను వేరేగా అర్థం వచ్చేలా చెప్పాను. తెలిసే చెప్పాను. తప్పు నాది."

పోయినేడాది పిల్ల పొట్టకేసి చూసిన ఆడవాళ్లంతా ఇప్పుడు గచ్చు కేసి చూస్తున్నారు. ఫిలోమినా ఒక్కొక్క మొహాన్నీ తీరిగ్గా, వరసగా చూసింది. ఆ చోటు మార్పించుకున్న పిల్ల తల్లి కూడా ఉంది. ఆవిడ దగ్గర ఇంకాసేపు ఆగింది. అంత రుచి ఆమె జీవితంలో ఏ తిండిలోనూ ఎరగదు.

టీచర్ కూలబడింది. ఇక గండం గడిచిందన్నట్టు కొంగుతో మొహం తుడుచుకుంది. అప్పుడు జిబిన్ లేచాడు.

"నాదొక ప్రార్థన," అన్నాడు. "నేను సెమినరీకి తిరిగి వెళ్లడం లేదు. ఏడాదిగా చెప్పలేకపోతున్నాను. నా కోసం, మా అమ్మ కోసం ప్రార్థించండి."

అలవాటైన నోళ్లకి కూడా మాట రాలేదు. ఫాదర్‌గారు కళ్లజోడు తీశారు. టీచర్ ఫిలోమినా కేసి చూసిన చూపులో, కొని తెచ్చుకున్న వస్తువు చేతిలోనే విరిగిపోయిన మనిషి అయోమయం ఉంది.

"ప్రభువా, మా మొర ఆలకించు."

ఒక్క గొంతు. వెనక తలుపు దగ్గర నుంచి, నిబ్బరంగా, కీర్తన ఎత్తుకున్నట్టు. డెల్నాది. ఆ తర్వాత ఒకరొకరే అందుకున్నారు.

ఇంటికొచ్చాక ఫిలోమినా కూతుర్ని నిలదీసింది. "నువ్వే చెప్పావు కదూ వాడికి?"

"చెప్పాను. మీ అమ్మకి తెలిసిపోయింది, మా అమ్మ దగ్గర నీ గుట్టుంది అని. నాకెవరూ ముందు చెప్పలేదు కదా. అన్నయ్యకైనా ముందు తెలియాలనిపించింది."

లోనప్పన్ పగలబడి నవ్వాడు. "నువ్వు ఊరగాయ పెడితే నీ కూతురు జాడీయే పగలగొట్టిందే!"

మర్నాడు పొద్దున్నే ఆమె పనస కొమ్మ మీది తీగ లాగేసింది. మాట ప్రకారం టీచర్ చెప్పాల్సింది చెప్పింది, నిజమే. క్షమిస్తానని మాత్రం ఫిలోమినా ఎవరికీ మాటివ్వలేదు.

పదింటికి జిబిన్ గేటు దగ్గరికి వచ్చాడు, చంకలో కంప్యూటర్‌తో. "ఆంటీ, కాలేజీ దరఖాస్తు ఇవాళ పంపాలి. మా ఇంట్లో నెట్ లేదు."

"రా. వసారాలో కూర్చో."

కూర్చున్నాడు. తలెత్తకుండా అన్నాడు. "ఒక్కటడగనా ఆంటీ? ఇంకెప్పుడూ నావి చూడొద్దు."

ఫిలోమినా చెవులు వేడెక్కాయి. డెల్నాని పిలిచి, ఆ కనిపెట్టే ఏర్పాటు తీసేయమంది, అతని ఎదురుగానే. తర్వాత ఒక పళ్లెంలో అచ్చప్పాలు, ఒక గ్లాసు టీ తెచ్చి అరుగు మీద పెట్టింది. అతను అక్కణ్నుంచి లేవలేదు. ఫారం నింపుతూ, ఇద్దరూ ఏదో మాట్లాడుకుంటూ, డెల్నా మధ్యలో నవ్వుతూ, మధ్యాహ్నమైంది.

అటు ఇంట్లో కిటికీ తెరుచుకుంది. సిసిలీ టీచర్ చాలాసేపు ఊచలు పట్టుకుని నిలబడి చూసింది. చివరికి పిలిచింది. "జిబిన్! అన్నం చల్లారిపోతోంది, రా!"

అతను లేవబోయాడు. ఫిలోమినా వంటింట్లోంచి చేపల పులుసు గిన్నె తెచ్చి అతని ముందు పెట్టి, గోడ దగ్గరికి నడిచింది.

"ఇవాళ ఇక్కడే తింటాడు టీచర్," అంది నవ్వుతూ. "మీరు కానిచ్చేయండి."

కిటికీ వేసుకున్న చప్పుడు విని మరీ వెనక్కి తిరిగింది.